కోసిన మూటలు

"బయటి దేశాల నుంచి ఏ మాట వచ్చినా, పంపినవాళ్లు ఎలా కట్టారో అలాగే విప్పి వింటాం." పట్టాభిషేకం నాడు రాజు కోటగుమ్మం మీద చెక్కించిన మాట ఇది. మొన్న వేసిన సున్నంలో ఆ అక్షరాలు సగం పూడిపోయాయి.

ఆ గుమ్మం దగ్గర ముడులు విప్పే మనిషి ఒకామె ఉండేది. బయటి దేశాలవాళ్లు లేఖలు రాయరు, మూటలు పంపుతారు. పెద్ద మూటలో చిన్న మూటలు, వాటిలో ఇంకా చిన్నవి. ప్రతిదానికీ పేరు చీటీ. 'వడ్లు' అన్న మూటలో గింజలుంటే పంట ఉన్నట్టు. చీటీ ఉండి మూట ఖాళీగా ఉంటే, లేవని చెప్పినట్టు. అసలు మూటే రాకపోతే, ఆ సంగతి ఎత్తనట్టు. ఆమె దబ్బనంతో ఒక్కో ముడీ వదులు చేసి, పైనుంచి లోపలికి వరసగా చదివేది. ఒక్కో మూటకు పూటంతా పట్టేది.

మంత్రికి అంత ఓపిక లేదు. 'వేగమే ప్రగతి' అని చెక్కిన కత్తి తెచ్చి ఆమె చేతిలో పెట్టాడు. ఒక్క కోతకు అన్నీ నేలమీద పడతాయి. బరువున్నవి సభకు, లేనివి చెత్తకు. మన కొట్లో మనం కట్టుకున్న మూటలకు చేసిన కత్తి ఇది, పరాయివాళ్ల ముడులకు పనికిరాదు అని ఆమె మొత్తుకుంది. దాన్ని పట్టనన్నందుకు ఆమెను పక్కన కూర్చోబెట్టి, కోతకు ఒక భటుణ్ణి పెట్టారు.

ఆమె చెల్లెలు కొండదేశంలో కాపురముంటోంది. ఒకనాడు అక్కడి మూట కోశాక, అక్క చెత్తలోంచి ఒక గుడ్డ ఏరింది. చీటీ మీద 'నీళ్లు'. లోపల ఖాళీ. పరుగున సభకు వెళ్లింది.

"ఖాళీ గుడ్డలో ఏం చదివావమ్మా, గాలా?" అన్నాడు మంత్రి. సభ నవ్వింది.

"నీళ్లు లేవని చదివాను, అయ్యా."

"లేకపోతే లేవని చెప్పాలి. కొండదేశం నుంచి ఫిర్యాదేమీ రాలేదు."

రాజు తల ఊపాడు.

తర్వాతి నెల 'గొడ్లు' ఖాళీగా వచ్చింది. సభలో మాత్రం కొండదేశం క్షేమమనే చదివారు.

ఆపై నెల వచ్చిన మూటలో ఉన్నది ఒకటే చిన్న మూట. కత్తి పడకముందే ఆమె దాన్ని లాక్కుంది. ఎడమచేతివాటం ముడి. అలా చెల్లెలొక్కతే వేస్తుంది. చీటీ మీద 'మనుషులు'. గుడ్డ చిరగకుండా సాయంత్రం దాకా విప్పింది.

లోపల ఏమీ లేదు.

ఆమె ఏడవలేదు. ఆ గుడ్డ మీద బొగ్గుతో ఇలా రాసి, తీసుకెళ్లి సింహాసనం ముందు పరిచింది.

"'లేరు' అని చెప్పడమూ, ఏమీ చెప్పకపోవడమూ మీకు ఒకటేనా? కొండదేశం మూట మళ్లీ రావలసిన కార్తీక శుద్ధ దశమి పొద్దు వాలేలోగా జవాబు కావాలి."