వ్యాను కింద కళ్లాపి

గొల్లమెట్టలో వ్యాను నడిపే లోవరాజు పనిమంతుడే గానీ, ఇంట్లోవాళ్లను ఒక మాట అడగాలంటే మహా నామోషీ పడేవాడు. ఇది చిన్న కథ, ఇట్టే అయిపోతుంది. కాకపోతే నామోషీ మాట వచ్చింది కాబట్టి ఆ ఊరి ప్రెసిడెంటు గారి సంగతి చెప్పాలి. ఆయన దారి అడగడం ఇష్టం లేక, తునిలో పెళ్లికని బయలుదేరి, వేరే ఊళ్లో ఎవరిదో పెళ్లిలో భోంచేసి, చదివింపులు కూడా చదివించి వచ్చారు. వంట బాగుందట. సరే, లోవరాజు దగ్గరికి వద్దాం.

అతను రోజూ పన్నెండుమంది ఆడవాళ్లను జీడిపప్పు ఫ్యాక్టరీకి తీసుకెళ్లేవాడు. ఇల్లు గడిచేది దాని మీదే. నెల రోజులుగా రేడియేటరులో కూలెంటు, అదే ఇంజను వేడెక్కకుండా పోసే పచ్చనీళ్లు, తెల్లారేసరికి తగ్గిపోతూ ఉండేది. ఎక్కడా కారుతున్నట్టు కనిపించేది కాదు. పక్కింటి వీరభద్రం దొంగిలిస్తున్నాడని లోవరాజు అనుమానించాడు. వీరభద్రానికి బండి లేదు. సైకిలు కూడా లేదు. అయినా వారం రోజులు అతనితో మాటలు మానేశాడు. వీరభద్రం ఆ సంగతి గమనించనే లేదు.

చివరికి వ్యానును మెకానిక్ బషీరు షెడ్డుకు తీసుకెళ్లాడు. బషీరు రేడియేటరు మూత మార్చాడు. గొట్టాలు తడిమాడు, పొడిగానే ఉన్నాయి. పొగ చూశాడు, తెల్లగా లేదు.

"రాత్రి బండి నిలిపిన చోట తడేమైనా ఉంటోందా అన్నా?" అని అడిగాడు.

"రోజూ పొద్దున్నే చూస్తాను. వాకిలంతా ఒకేలా ఉంటుంది."

"అయితే పొగలో తేలకపోయినా ఇంజనే లోపల తాగేస్తోంది. విప్పాల్సిందే. పదిరోజులు పడుతుంది."

లోవరాజు రేపు విప్పుదువులే అని బండిని ఇంటికి తోలుకొచ్చాడు. ఒక్కరోజు బండి రాకపోయినా ఇంకో వ్యాను పెట్టుకుంటామని ఫ్యాక్టరీ మేనేజరు ముందే చెప్పి ఉన్నాడు.

ఆ సాయంత్రం అన్నం ముందు కూర్చుని ముద్ద ఎత్తలేదు.

"కూర బాగాలేదా?" అంది భార్య నూకరత్నం.

"కూరకేం. రేపు బండి విప్పుతున్నారు. కూలెంటు ఎటు పోతోందో ఎవరికీ అంతు పట్టలేదు."

"ఆ పచ్చనీళ్లా? ముందు చక్రం పక్కన రోజూ మడుగు కట్టి ఉంటాయి. వాటి మీదే కళ్లాపి చల్లేస్తున్నాను."

లోవరాజు లేచేసరికి వాకిలంతా పేడనీళ్లతో తడిసి, నిజంగానే ఒకేలా ఉండేది.

"మరి చెప్పవేం?"

"మొన్న చెప్పబోతే, బండి గొడవ నీకెందుకన్నారు. నాకెందుకులే అనుకున్నాను. చారు వేసుకోండి."

మర్నాడు లోవరాజు కబురు అందుకుని కళ్లాపికి ముందే బషీరు వచ్చి బండి కింద దూరాడు. కింది గొట్టం అతుకు దగ్గర చుక్క చుక్కగా కారుతోంది.

"వేడెక్కితే బిగుసుకుంటోంది, చల్లారితే వదులవుతోంది. అందుకే షెడ్డులో దొరకలేదు" అని కొత్త క్లిప్పు బిగించాడు. పావుగంట పట్టింది. ఆడవాళ్లు వేళకే ఫ్యాక్టరీ చేరారు. మరుసటి ఉదయం రేడియేటరు నిండుగా ఉండటం చూసి, లోవరాజు హమ్మయ్య అని అరుగు మీద చాలాసేపు ఊరికే కూర్చున్నాడు.

ఆనాటి నుంచి బషీరు ఏ బండి వచ్చినా ముందు దాని యజమానిని ఏమీ అడగడం లేదు. వాకిలి ఊడ్చేది ఎవరో కనుక్కుని, వాళ్లను పిలిపిస్తున్నాడు.

నీతి: మనకు కనిపించనిది పక్కనున్నవారికి కనిపించి ఉండవచ్చు, వారిని అడగడానికి నామోషీ పడకూడదు.