ఆగని బుడగ

ఆగిపోవలసిన బీరును హైమవతి ఆగనివ్వలేదు. తప్పు అక్కడ జరిగింది. పది రోజుల్లో పులియడం పూర్తయి, కెగ్గు అనే స్టీలు పీపాలోకి చేరి చల్లబడాల్సిన ఇరవై లీటర్ల బార్లీ రసానికి ఆమె రోజూ చక్కెర పాకం పోస్తూ వచ్చింది. తెలియక చేసిన పని కాదు. కాలేజీలో స్టాటిస్టిక్స్ చెప్పే మనిషి. వంద గ్రాములు తూచి, నీళ్లలో మరిగించి, చల్లార్చి, గరాటును వేడినీళ్లతో కడిగి మరీ పోసింది.

ఆ బీరు పులుస్తున్న డ్రమ్ము తమ్ముడు భానుది. మర్రిపాలెంలో వాళ్లిద్దరూ ఉండే ఇంటి మేడమీది గదిలో సరదాకి బీరు కాచుకునేవాడు. మూతకి వేలెడంత గొట్టం, అందులో కాసిని నీళ్లు. లోపల పులుస్తున్నంతకాలం గాలి ఆ నీళ్లలోంచి గుబుక్కు గుబుక్కుమంటూ బయటికి వస్తుంది. భాను దాన్ని ఊపిరి అనేవాడు. ఓడ మరమ్మతు పనిమీద కాకినాడ బయల్దేరుతూ, బూట్లు కట్టుకుంటూ చెప్పాడు:

"అక్కా, ఇది ఊపిరి తీసినన్నాళ్లూ దీని జోలికి పోకు. ఊపిరి ఆగిందనుకో, నాకు ఫోన్ చెయ్యి. వచ్చి కెగ్గులోకి ఎత్తుతాను."

"నీ కంపు గదిలోకి నేనెందుకు పోతానురా," అంది హైమవతి.

నాలుగో రోజున కాకినాడ లాడ్జిలో ఆయాసం వచ్చి భాను పోయాడు. నలభై ఒక్క ఏళ్లు. అమ్మ పోయేనాటికి వాడికి నాలుగు, హైమవతికి పన్నెండు. ముద్దలు కలిపి పెట్టిందీ, ఆయాసం వచ్చినప్పుడు వీపు నిమిరిందీ ఆమే. పదకొండో రోజు కర్మ ముగిసి బంధువులంతా వెళ్లిపోయాక మేడమీదికి వెళితే, డ్రమ్ములో బుడగలు నెమ్మదించి ఉన్నాయి. నిమిషానికి ఒకటి. తర్వాత రెండు నిమిషాలకి ఒకటి. ఆమె చేతిలో ఫోన్ ఉంది. చెయ్యడానికి అవతల మనిషి లేడు. కిందికి దిగి వంటింట్లోంచి చక్కెర డబ్బా తెచ్చింది.

అరగంటకల్లా డ్రమ్ము మళ్లీ ఊపిరి అందుకుంది. ఆ రోజు నుంచి ఒక్క పూట తప్పలేదు. వారం గడిచేసరికి ఆ చప్పుడుకి ఒక తీరు వచ్చింది: రెండు పొట్టివి, ఒకటి పొడుగు. రెండు పొట్టివి, ఒకటి పొడుగు. అది భాను ఆయాసం. ముప్పై ఏడేళ్లుగా విన్న చెవులు, పొరబడే ప్రసక్తే లేదు.

ఆ తర్వాత పరీక్షల డ్యూటీ పడి పార్వతీపురం వెళ్లాల్సి వచ్చింది. తొమ్మిది రోజులు. ఈ తొమ్మిది రోజుల్లో అది ఆగిపోయి ఉంటుందని మనసు గట్టిచేసుకునే తిరిగి వచ్చింది. మెట్లమీద ఉండగానే వినిపించింది. రెండు పొట్టివి, ఒకటి పొడుగు. ముందుకన్నా బలంగా. ఆ రోజు చక్కెర వెయ్యలేదు, మర్నాడూ వెయ్యలేదు. అలా వారం చూసింది. అయినా అది ఆగలేదు. ఇన్నాళ్లూ ఆ చప్పుడు ఉందన్న ధైర్యంతో బతికిన మనిషికి, ఆ చప్పుడు వింటే మొదటిసారి భయం వేసింది.

భానుకి ఈ విద్య నేర్పింది భీమిలిలోని దైవాధీనం మాస్టారు. ఏదో బీరు కంపెనీలో ముప్పై ఏళ్లు కెమిస్టుగా చేసి, ఇప్పుడు ఆదివారాలు ఇంటి వెనక రేకుల షెడ్డులో నలుగురైదుగురికి నేర్పుతారు. ఆయన ప్రశ్నకి సూటిగా జవాబు చెప్పరు. బీరు ఎందుకు చేదెక్కిందని ఒకరడిగితే, చేదు కోసం బీరులో వేసే హాప్స్ పూలు చిటికెడు నోట్లో వేసి సాయంత్రం దాకా నీళ్లు తాగొద్దన్నారట. హైమవతి ఆ ఆదివారం షెడ్డు గడప దగ్గర నిలబడి, పరిచయాలేవీ లేకుండా అడిగింది:

"మాస్టారూ, నేను భాను అక్కని. వాడు పెట్టిన డ్రమ్ము ఇంకా బుడగలు వేస్తోంది. పదహారు రోజులుగా చక్కెర కూడా పొయ్యలేదు. లోపల ప్రాణం ఉన్నట్టా, లేనట్టా?"

గ్లాసులు తుడుస్తున్న జోగారావు అనే ఆయన నవ్వాడు. "మేమంతా ఎప్పుడు ఆగుతుందా, ఎప్పుడు తాగుదామా అని చస్తుంటే, మీ ఇంట్లో ఆగనే ఆగదా మేడమ్? అదృష్టం."

మాస్టారు లేచారు. షెడ్డు మూల నుంచి ఖాళీ స్టీలు కెగ్గు, గ్యాసు సిలిండరు, రబ్బరు గొట్టం తీశారు. ఒక గాజు సీసాని వేడినీళ్లలో ముంచి తీసి, మూత బిగించి సంచిలో వేసుకున్నారు. "పద అమ్మా," అన్నారు.

మధ్యాహ్నం రెండింటికి మర్రిపాలెం చేరారు. మేడమీది గదిలో కిటికీ తెరిచే ఉంది, ఎండ డ్రమ్ము దాకా పడుతోంది. మాస్టారు స్టూలుమీద కూర్చుని చాలాసేపు విన్నారు. తర్వాత డ్రమ్ము అడుగున ఉన్న కుళాయి తిప్పి, కాస్త బీరు సన్నని గాజు జాడీలోకి పట్టి, అందులో హైడ్రోమీటరు వదిలారు. తీపి ఉంటే అది పైకి తేలుతుంది. ఇప్పుడు మెడదాకా మునిగింది.

"చూశావా. ఇందులో తినడానికి ఏమీ మిగల్లేదు."

"మరి దేన్ని తిని ఆడుతోంది?"

"ఊపిరి బిగబట్టు."

"నేనా?"

"నువ్వే."

హైమవతి ఊపిరి బిగబట్టింది. గొట్టంలో నీళ్లు నిలిచిపోయాయి. పది లెక్కపెట్టింది. ఇరవై. ముప్పై. వీధిలో ఎవరో స్కూటరు స్టార్టు చేస్తున్న చప్పుడు వినిపించింది తప్ప గదిలో ఏ శబ్దమూ లేదు. గుండెల్లో మంటెత్తి వదిలేసింది. గుబుక్, గుబుక్, తర్వాత పొడుగ్గా ఒకటి.

"ఒక్కసారికి ఏమీ తేలదు మాస్టారూ," అంది. "కాకతాళీయం కావచ్చు. ఇంకో పదిసార్లు చూడాలి."

"చూడు."

గోడవైపు తిరిగి చూసింది. కళ్లు మూసుకుని చూసింది. మాస్టారికి ముందు చెప్పకుండా మధ్యలో ఆపేసి చూసింది. ఏడోసారికి ఇక లెక్క అక్కర్లేకపోయింది. ఎనిమిదోసారి ఊపిరి వదులుతూ తన ఊపిరిని తాను విన్నది. రెండు పొట్టివి, ఒకటి పొడుగు. పుట్టాక ఏనాడూ ఆయాసమంటే ఎరగని మనిషి. పోయిన వారం స్టాఫ్ రూములో లైబ్రేరియన్, "ఏంటి మేడమ్, మెట్లెక్కితే రొప్పుతున్నారు?" అంటే, లిఫ్టు బాగుచేయించని ప్రిన్సిపాల్‌ని నాలుగు తిట్టి ఊరుకుంది.

"అంటే ఇన్నాళ్లూ లోపల ఉన్నది వాడు కాదు," అంది హైమవతి.

మాస్టారు రబ్బరు గొట్టం ఆమె చేతికిచ్చారు. "అడుగున మడ్డి కదలకుండా పెట్టు. కెగ్గు కిందికి జరుపు."

బీరు తేటగా, చప్పుడు లేకుండా కెగ్గులోకి దిగడం మొదలుపెట్టింది. హైమవతి ఆయన చెప్పినట్టల్లా చేసింది. నురగ రాకుండా గొట్టం చివర అడుగుదాకా దించింది. కెగ్గు నిండాక మూత బిగించి, సిలిండరు తిప్పి గ్యాసు ఎక్కించింది. లోపలి గాలి ఒక్కసారి బయటికి వదిలి మళ్లీ బిగించింది. కెగ్గు చల్లగా, మూగగా కూర్చుంది. డ్రమ్ములో రెండు వేళ్ల మందాన తెల్లటి మడ్డి మిగిలింది. డ్రమ్ము మూత దానంతట అదే అదిరింది. రెండుసార్లు, తర్వాత ఒకసారి.

మాస్టారు సంచిలోంచి గాజు సీసా తీసి నేలమీద పెట్టారు. ఆయన షెడ్డులో మడ్డిని ఎవరూ పారబొయ్యరు. పులియబెట్టే ఈస్టు అంతా అందులోనే ఉంటుంది. ఒకరి డ్రమ్ము అడుగునున్నది సీసాకెత్తి దాచుకుంటారు, తర్వాత కాచే బీరుకి అదే వాడతారు, అడిగినవాళ్లకి కాస్త పంచుతారు. పోయినవాళ్ల మడ్డి అయితే ఇంట్లోవాళ్లకి ఇచ్చి రావడం అక్కడి వాడుక.

"ఇది ఉంచుకుంటే?" అంది హైమవతి.

"ఫ్రిజ్‌లో పెడితే నెలలపాటు పడుంటుంది. చక్కెర తగిలితే లేస్తుంది."

"ఎన్నిసార్లయినా?"

"నువ్వు పోసినన్నిసార్లూ."

ఆమె సీసా చేతిలోకి తీసుకుంది. గరిటెతో ఒక్క ముద్ద ఎత్తితే చాలు. భాను వీపు నిమురుతూ కూర్చున్నప్పుడు అరచేతికి తగిలే చిన్న పక్కటెముకలు గుర్తొచ్చాయి. గరిటె మడ్డి దాకా వెళ్లింది. అప్పుడు గమనించింది. తాను ఊపిరి పీల్చడం మానేసి, అది ముందు పీల్చడం కోసం ఎదురుచూస్తోంది.

గరిటె పక్కన పెట్టి కిందికి దిగింది. పెద్ద గిన్నెలో నీళ్లు పెట్టి, మసిలేదాకా స్టవ్ పక్కనుంచి కదలకుండా నిలబడింది. గిన్నెను మసిగుడ్డతో పట్టుకుని మెట్లెక్కింది. మాస్టారు పక్కకి జరిగారు. డ్రమ్ము మూత తీసి, మసిలే నీళ్లన్నీ మడ్డిమీద ఒకేసారి కుమ్మరించింది. ఆవిరి మొహానికి కొట్టింది. రొట్టె వాసనలాంటిది గదంతా నిండి, కిటికీలోంచి పోయింది. ఆమె ఛాతీలో ఏదో ఒకసారి తడబడి, తర్వాత సాఫీగా నడిచింది.

డ్రమ్ము కడిగి డాబామీద ఎండలో బోర్లించింది. గొట్టం ఉన్న మూతను చెత్తబుట్టలో వేసింది. ఆ మూత తిరిగి తియ్యకూడదని అప్పుడే అనుకుంది. సాయంత్రం మునిసిపాలిటీ బండి వచ్చేలోపు రెండుసార్లు చెత్తబుట్ట దాకా వెళ్లింది. రెండుసార్లూ ఉత్త చేతులతోనే తిరిగి వచ్చింది. బండి వెళ్లిపోయింది.

అందాకా వరండాలోనే కూర్చున్న మాస్టారు కెగ్గు భుజానికెత్తుకుని, గుమ్మం దగ్గర చెప్పుల్లో కాళ్లు దూర్చారు.

"అన్నం వండుకో అమ్మా," అన్నారు. "ఒక్కరికే వండుకో."