కోట వస్తుందన్నారు

మా పక్కింట్లో తెలివి మరీ ఎక్కువ. మద్దిలేటి, ఓబులేసు, గిడ్డయ్య అని ముగ్గురు అన్నదమ్ములు, వాళ్ళ మేనత్త సుంకులమ్మ. "మాటంటే మాటే. దానికి రెండో అర్థం వెతికేవాడు మతిలేనివాడు" అంటాడు పెద్దోడు మద్దిలేటి. వాళ్ళ గురించి నేను చెడ్డగా ఒక్క మాట అనను. జరిగింది చెబుతాను, అంతే.

సుంకులమ్మకు గండికోట చూడాలని యాభై ఏళ్ళ కోరిక. పెళ్ళైన కొత్తలో మొగుడు "రేపు తీసుకుపోతా" అన్నాడు. మరునాడు అడిగితే "రేపన్నాను గదా, ఇది ఈరోజు" అన్నాడు. చచ్చేదాకా ఆ మాట మీదే ఉన్నాడు మహానుభావుడు.

ఈమధ్య ఆమెకు చూపు మందగించింది. డాక్టరు చూసి, "కంటికి తెర అడ్డం పడిందమ్మా. అది తీసేస్తే బాగా కనబడుతుంది. ఆలస్యం చేస్తే ఉన్న చూపూ పోతుంది" అన్నాడు. ఇంకేముంది, అన్నదమ్ములు ఇల్లంతా వెతికారు. మంచాల కింద చూశారు, గాదె వెనక చూశారు. తెర దొరకలేదు.

"ఎక్కడో దారిలో అడ్డం పడి ఉంటుందిలే" అన్నాడు ఓబులేసు.

"తెర సంగతి తరవాతరా! చూపు పోకముందే నాకు కోట చూపించండి" అని ముసలామె కళ్ళొత్తుకుంది.

దారి అడగడానికి రిటైరైన బడి అయివారి దగ్గరికి పోయారు. మా అయివారికి వినేవాడు దొరకడమే పండగ. "గండికోటా! కొండను చీల్చుకుని పారే పెన్న, ఆ ఎర్రటి బండలు! చూడ్డానికి రెండు కళ్ళు చాలవురా! చూస్తే కడుపు నిండిపోతుంది! ఊరు దాటగానే తారు రోడ్డు పట్టుకోండి. ఎక్కడా వదలొద్దు. రెండు గంటల్లో కోట వస్తుంది."

ఆ రాత్రి వాళ్ళింట్లో పెద్ద సమావేశం. నేను గోడకు చెవి ఆనించలేదు. రెండిళ్ళకూ గోడ ఒకటే కాబట్టి అదే వచ్చి నా చెవికి ఆనుకుంది.

"రెండు కళ్ళు చాలవన్నాడు. మనకెన్ని ఉన్నాయి?" అన్నాడు మద్దిలేటి. లెక్కపెట్టాడు, ఆరు. ఓబులేసు లెక్కపెట్టాడు, ఆరే. గిడ్డయ్యకూ ఆరే.

"నలుగురికి ఆరేందన్నా?" అన్నాడు గిడ్డయ్య.

"నీ కళ్ళు నీకు కనబడుతున్నాయా?"

"లేదు."

"కనబడనిదాన్ని ఉందంటే అబద్ధం కాదా? నలుగురికి రెండు కళ్ళు తక్కువైనాయి. మేకను తీసుకుపోదాం."

అంతే, మేకకు సీటు ఖాయమైంది. సుంకులమ్మ దారికోసం కాల్చిన జొన్నరొట్టెలు ఓబులేసు లాక్కున్నాడు. "కోట చూస్తే కడుపు నిండుతుందన్నాడు గదా అత్తా. దానిమీద మళ్ళీ తింటే పగిలిపోదూ?" రొట్టెలన్నీ మేకకు పెట్టారు. ఆ ఇంట్లో ముందుచూపు ఉన్నది దానికొక్కదానికే.

తెల్లారి బయల్దేరారు. నాకు ఆ వైపు పనేమీ లేదు, అందుకే నేనూ వెళ్ళాను. ఊరు దాటారు. తారు రోడ్డు వచ్చింది. ముగ్గురూ వంగి రోడ్డు అంచును రెండు చేతులా పట్టుకున్నారు.

"గట్టిగా పట్టుకోండ్రా, వదిలారంటే కోట రాదు!" అన్నాడు మద్దిలేటి.

ఎండెక్కింది. తారు కాలింది. చేతులు బొబ్బలెక్కినా వదల్లేదు. కడుపులు కాలుతుంటే "కోట రానీ, నిండుతుంది" అని సర్దిచెప్పుకున్నారు. మేక ఒక్కటే నిమ్మళంగా నెమరేస్తోంది.

సరిగ్గా రెండు గంటల్లో వచ్చింది!

నాటకాల వాళ్ళ ట్రాక్టరు. పెట్టెలు కనబడకుండా ట్రాలీ చుట్టూ ఒక పెద్ద గుడ్డ కట్టారు. దానిమీద బురుజులు, గోడలు, కింద నది.

"వచ్చిందిరా కోట!" సుంకులమ్మ చేతులు జోడించింది. "కలలో చూసినట్టే ఉందిరా అబ్బీ!"

రోడ్డుకు అడ్డం వచ్చిన ముసలామెను చూసి డ్రైవరు ఆపాడు. "ఇది కోట కాదవ్వా. ఉత్త తెర!"

అన్నదమ్ములు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు.

"తెర! అత్త కంటికి అడ్డం పడింది ఇదేరా! కోట దీని వెనకే ఉంటుంది, తీసెయ్యండి!" అని అరిచాడు మద్దిలేటి.

ఇంకేముంది, ముగ్గురూ పడి లాగారు. తాళ్ళు తెగాయి, తెర కింద పడింది. వెనక కిరీటం పెట్టుకున్నాయన లుంగీలో కూర్చుని బొరుగులు తింటున్నాడు.

"రాజుగారు!" అని గిడ్డయ్య సాష్టాంగపడ్డాడు. రాజుగారు ఏ రాజు నోటా ఎప్పుడూ వినని తిట్లన్నీ తిట్టి, తెర లాక్కుని, ట్రాక్టరు పోనిచ్చాడు.

రోడ్డు ఖాళీ అయింది. సుంకులమ్మ కళ్ళు చికిలించి అటూ ఇటూ చూసింది.

"కోట ఏదిరా?"

"తెరతోపాటే పోయిందత్తా. తప్పు నాదే, లాగేటప్పుడు రోడ్డు వదిలేశాను" అన్నాడు మద్దిలేటి, బొబ్బల చేతులు చూసుకుంటూ. "రేపు తప్పకుండా చూపిస్తా."

ముసలామె మొహం వెలిగిపోయింది.

"అచ్చం మీ మామ మాటే!" అంది. "ఆయన ఒక్కసారైనా మాట తప్పాడా?"

అంతే, నలుగురూ సంతోషంగా ఇంటికొచ్చి, రేపటి ప్రయాణానికి రొట్టెలు కాల్చి మేకకు పెట్టారు.