పన్నెండు గీతలు

లచ్చవ్వకు చదువు రాదని సాంబయ్య తేల్చేశాడు. ఒకసారి కాదు, వరసగా మూడో ఏడు.

రాళ్లవాగు ఒడ్డున వీరదాసు గారి మఠంలో ఒక కట్టుబాటు ఉండేది. ఉపదేశం కావాలన్నవాళ్లు ఏ కులంవాళ్లయినా సరే, తత్వాల పుస్తకంలో ఒక పుట సొంతంగా చదివి వినిపించాలి. అక్షరం రానివాళ్లకు మఠమే నేర్పేది. ఆ నేర్పే పనీ, మాఘమాసంలో పరీక్ష పెట్టే పనీ రెండూ సాంబయ్యవే. పదేళ్లుగా గురువును కనిపెట్టుకుని ఉన్న శిష్యుడు. మనిషి మంచివాడు. పక్షపాతం ఎరగడు. కాకపోతే లెక్క అంటే ప్రాణం. చదివేవాళ్లను ఎదురుగా కూర్చోబెట్టుకుని, తప్పుకొక గీత చొప్పున కాగితం మీద గీసుకుంటూ పోయేవాడు. ఎనిమిది దాటితే ఆ ఏటికి ఉపదేశం లేనట్టే. అందరికీ ఒకే కొలత ఉండాలని ఏటా ఆ మొదటి పుటే చదివించేవాడు.

ఆ ఏడు పంతొమ్మిది మంది చదివారు. పద్దెనిమిది మందికి రెండు మూడు గీతలు మించలేదు. లచ్చవ్వకు పన్నెండు పడ్డాయి. కిందటేడూ పన్నెండే.

లచ్చవ్వ కుమ్మరామె. యాభై దాటాయి. ఆమె ఆశంతా ఉపదేశం మీద కాదు. పెనిమిటి ఉప్పలయ్య తత్వాలు కట్టేవాడు. పోతూ పోతూ తన చేత్తో రాసుకున్న పుస్తకం ఒకటి ఆమె చేతిలో పెట్టి పోయాడు. చదివి వినిపిస్తామని ఎవరు అడిగినా ఇచ్చేది కాదు. "నా మొగడు నాకిచ్చిన మాటలు ఇంకొకల నోటెంట ఎందుకు వింట? నేనే నేర్సుకుంట" అనేది. దాని కోసమే మూడేళ్లు మట్టిచేతులు కడుక్కుని వచ్చి పలక ముందు కూర్చుంది.

సాంబయ్యకు జాలి లేక కాదు. జాలిపడే ఆ మాట అన్నాడు.

"అవ్వా, నీకు ఇగ రాదు. ఈ వయసుల ఈ గోస ఎందుకు? రేపటి నుంచి రాకు."

ఆమె పలక కొంగులో చుట్టుకుని వెళ్లిపోయింది.

మూడు రోజులయ్యాక సాంబయ్య కాగితం తీసుకుని గురువు దగ్గరికి వెళ్లాడు. నడకలో కాస్త ధీమా కూడా ఉంది.

"పద్దెనిమిది మంది తయారైండ్రు స్వామీ. ఒక్క లచ్చవ్వకే పట్టుబడలేదు. పన్నెండు తప్పులు."

"యాడ తప్పింది?" అన్నాడు వీరదాసు.

"శాన చోట్ల తప్పింది."

"శాన చోట్లంటే యాడ?"

సాంబయ్య కాగితం చూసుకున్నాడు. పన్నెండు గీతలున్నాయి. ఏ గీత ఎక్కడ పడ్డదో గీత చెప్పదు కదా. ఆయనకూ గుర్తులేదు.

గురువు రెట్టించలేదు. కలం, కాగితం తెమ్మని, గోడవైపు తిరిగి కూర్చుని చాలాసేపు ఏదో రాశాడు. అది అప్పటికప్పుడు కట్టిన తత్వం. లోకంలో ఇంకెవరి చెవినా పడలేదు. ఆ కాగితాన్ని మఠం పుస్తకంలో మొదటి పుట మీద పెట్టి దారంతో కుట్టాడు. తర్వాత ఆ పద్దెనిమిది మందినీ పిలవమన్నాడు.

ముందు సత్తెయ్య వచ్చాడు. తాళ్లెక్కి కల్లు గీసే మనిషి. సాంబయ్య కాగితంలో ఒక్క గీత కూడా లేనివాడు అతనొక్కడే. పుస్తకం కళ్లకద్దుకుని, మొదటి వరస మీద వేలు పెట్టి ఎత్తుకున్నాడు.

అతని నోట వచ్చింది పాత తత్వం.

గొంతు మాత్రం మఠం అంతా నిండింది. వేలు వరస వెంట వరస కదులుతూనే ఉంది. పాట అయిపోయేసరికి వేలు ఇంకా పుట నడుమనే ఉంది. సత్తెయ్య దానివంక ఒక క్షణం చూసి, మెల్లగా కిందికి జరిపి, పుస్తకం మూశాడు.

సాంబయ్య చేతిలోని గీతల కాగితం మడిచేశాడు.

రెండో మనిషీ అదే పాట పాడాడు. మూడో అతను సాలె మనిషి, పుటవంక చాలాసేపు చూసి, కండ్లు మసకైనయి స్వామీ అన్నాడు. పద్దెనిమిది మందిలో ఇద్దరు అక్షరాలు కూడబలుక్కున్నారు. చదివినవాళ్లు ఒక్కరూ లేరు. పాపం, వాళ్లేమీ మోసం చేయలేదు. రోజూ సాయంత్రం భజనలో పాడుకునే తత్వమే మొదటి పుటలో ఉంది. వేలు పెట్టి దాన్ని పాడటమే చదువు అనుకున్నారు. బాగా వచ్చిందని సాంబయ్యే చెప్పాడు మరి. నాకు చదువొచ్చిందని సత్తెయ్య ఈదులవనం అంతా చెప్పుకు తిరిగాడు. అది తలచుకుంటే సాంబయ్యకు తల ఎత్తబుద్ధి కాలేదు.

గురువు కుట్టు విప్పి కొత్త కాగితం సాంబయ్య చేతికిచ్చాడు.

"లచ్చవ్వతోని సదివియ్యి. ఎదురుంగ కూసోకు. పక్కన కూసో."

దారిలో ఒక్కటే ఆలోచన. లచ్చవ్వ అత్త ఏళ్ల తరబడి మంచంలో ఉంది. పొద్దు వాలితే లచ్చవ్వ ఇల్లు కదలదు. ఏనాడూ భజనకు రాలేదు. ఆమెకు ఆ పాట రాదు. నేర్చుకున్న అక్షరాలు తప్ప ఆమెకు వేరే ఆసరా లేదు. పదేళ్లు గురువు దగ్గరుండి ఈ మాత్రం తోచలేదే అని సాంబయ్య తనను తాను తిట్టుకుంటూ నడిచాడు.

లచ్చవ్వ ముంగిట్లో పచ్చికుండను చెక్కతో తడుతూ ఉంది. ఆయన్ను చూసి పీట వేసింది.

"ఇది ఒక్కపారి సదువు, అవ్వా."

"నాకు రాదు గదయ్యా."

"ఒక్కపారి."

చేతులు కడుక్కుని కాగితం అందుకుంది. సాంబయ్య పీట వదిలి ఆమె పక్కన నేల మీద కూర్చున్నాడు. ఆమె అక్షరం వెంట అక్షరం పట్టుకుంటూ మొదటి వరస చివరిదాకా చదివింది. ఎప్పుడూ వినని మాటలు, ఉన్నవి ఉన్నట్టు చదివింది. వరస అయిపోగానే చూపు వెనక్కి వచ్చి మళ్లీ ఆ వరస మీదే పడింది. ఇది చదివిందే కదా అని గాభరాపడి, కిందికి దూకి, ఒక వరస వదిలేసి ఇంకో వరసలో పడింది. అక్కడ నోరు తడబడింది.

ఎదురుగా కూర్చుంటే ఆ తడబాటే వినపడుతుంది. పక్కన కూర్చుంటే వేలు కనపడుతుంది. ఆ మొదటి పుటలో పదమూడు వరసలు. చివరకు వెళ్లి మళ్లీ వెనక్కి రావలసిన చోట్లు పన్నెండు.

సాంబయ్య చీపురులోంచి ఒక పుల్ల లాగి వరస కింద పెట్టాడు. ఆమె చివరికి రాగానే పుల్లను కిందికి జరిపాడు. ఆమె చదివింది. మళ్లీ జరిపాడు. అలా చివరిదాకా ఎక్కడా తప్పకుండా చదివింది. ఆఖరి వరస అర్థమైనట్టుంది, దాన్ని ఇంకోసారి నిదానంగా చదువుకుంది.

"నిజంగనే సదివిన్నా, అయ్యా?"

"సదివినవు. మూడేండ్ల నుంచి నీకు సదువొస్తనే ఉన్నది. నేనే కనిపెట్టలేదు. తప్పు నాది, అవ్వా. మీ ఆయన పుస్తకం తే. పుల్ల పెట్టుకుని ఇప్పుడే సదువు."

ఆమె ముఖం వెలిగింది. ఆ వెలుగు ఎంతోసేపు ఉండలేదు. లేవబోయి ఆగి, పెరటివైపు చూసింది. అక్కడ కుండల ఆములో బూడిద ఇంకా తీయలేదు.

"మొన్న కుండలు కాల్సినం. రాదంటివి గదయ్యా. సదువుకున్నోనివి, నీకు తెల్వదా అనుకున్న. సదివెటోళ్లు లేని పుస్తకం ఎలుకల పాలెందుకని అండ్లనే ఏసిన."

తిట్టలేదు, ఏడవలేదు. కాగితం మడిచి ఆయనకిచ్చి, మళ్లీ కుండ ముందు కూర్చుంది. సాంబయ్యకు తిట్టినా బాగుండేదనిపించింది.

మఠానికి ఎలా చేరాడో ఆయనకే తెలియదు. గురువు కాళ్ల మీద పడ్డాడు. జరిగింది చెప్పడానికి రెండు మాటలే పట్టాయి.

"ఈ పని నాకొద్దు స్వామీ. కట్టెలు కొడత, నీళ్లు మోస్త. ఇంకొకలకు అచ్చరం చెప్పే మొఖం కాదు నాది."

అంతటి మనిషీ పిల్లాడిలా వెక్కి వెక్కి ఏడ్చాడు. వీరదాసు ఓదార్చలేదు. ఆ పుస్తకం ఇక రాదు, దానికి ఓదార్పేముంది. ఆయన కళ్లలోనూ నీళ్లు తిరిగాయి. శిష్యుణ్ణి భుజాలు పట్టి లేపాడు.

"సత్తెయ్య పొద్దుటి సంది లోపల్నే కూసున్నడు. పో. ఆయన యాడ ఆగుతడో చూసినంక ఏడువు."