బుడుంగు ఎక్కడ మునగాలి?

సముద్రం పక్కన తెల్లమడ అనే అడవి ఉండేది. అక్కడ చెట్లు ఉప్పునీళ్లలో నిలబడి పెరిగేవి. వాటి వేళ్లు బురదలోంచి పైకి పొడుచుకొచ్చి ఊపిరి పీల్చుకునేవి. ఆ అడవిలో కొంగలు, పీతలు, బావురుపిల్లులు, నీటికాకులు, నీటికుక్కలు కలిసి బతికేవి.

సముద్రం పొంగినప్పుడు నీళ్లు అడవిలోకి వచ్చేవి. దాన్ని పోటు అనేవారు. సముద్రం తగ్గినప్పుడు ఆ నీళ్లే వెనక్కి పోయేవి. దాన్ని ఆటు అనేవారు. అడవి మధ్యలో ఉన్న మడుగులోకి మాత్రం పోటూ రాదు, ఆటూ రాదు. దాని చుట్టూ ఎత్తైన గట్టు ఉండేది.

నీటికుక్క పిల్లలు పుడుతూనే మునగలేవు. ఎవరో ఒకరు నేర్పాలి. సూరమ్మ అనే పెద్ద నీటికుక్క ఆ మడుగులో పిల్లలకు మునక నేర్పేది. ఊపిరి బిగబట్టడం, చెవులు మూసుకోవడం, నీళ్లలో కళ్లు తెరవడం, తోకతో దారి తిప్పుకోవడం అన్నీ అక్కడే నేర్పేది. బాగా నేర్చుకున్న పిల్లల మెడలో ఒక గవ్వ కట్టేది. గవ్వ కట్టించుకున్నవాళ్లు ఇక మడుగులో చేపలు పట్టకూడదు. ఆ చేపలు తర్వాత వచ్చే చిన్నపిల్లలవి.

ఆ ఏడాది బుడుంగు, శౌరి అనే ఇద్దరు గవ్వలు కట్టించుకున్నారు. బుడుంగు నెమ్మదైన పిల్ల. శౌరి అందరికంటే ఎక్కువసేపు ఊపిరి బిగబట్టగలడు. ఆ సంగతి అందరికీ చెప్పేవాడు కూడా.

గవ్వలు కట్టిన రోజే సూరమ్మకు ఎగువ నుంచి కబురు వచ్చింది. కూతురు నెలలు నిండి ఉంది. సూరమ్మ వెంటనే బయలుదేరింది.

"పిల్లలూ, మీకు మునగడం వచ్చు. ఇక చోటు చూసుకుని దిగండి" అంది.

"ఎలాంటి చోటు చూసుకోవాలి అత్తా?" అని బుడుంగు అడిగింది.

"తెలిసినవాళ్లను అడుగు, నీ కళ్లతో కూడా చూడు" అని సూరమ్మ ఎగువకు ఈదుకుంటూ వెళ్లిపోయింది.

మర్నాడు బుడుంగుకు బాగా ఆకలి వేసింది. తెల్లమడ నిండా నీళ్లే. కాలువలు, పాయలు, రేవులు ఎటు చూసినా ఉన్నాయి. వాటిలో ఎక్కడ మునగాలో మాత్రం తెలియలేదు. ముందుగా కొంగ దగ్గరకు వెళ్లింది.

"కొంగత్తా, మునగడానికి మంచి చోటు ఏది?"

"పీతల కాలువకు వెళ్లు. నీళ్లు కదలవు, మెదలవు. అలల గోల లేదు. అంత హాయైన చోటు ఇంకోటి లేదు" అంది కొంగ.

బుడుంగు సంతోషంగా పీతల కాలువకు పరుగెత్తింది. ఊపిరి బిగబట్టి తల ముందుకు పెట్టి దూకింది. ముక్కు నేరుగా బురదలో దిగబడింది. అక్కడ నీళ్లు దాని పొట్ట వరకే ఉన్నాయి. ఒక పీత బొరియలోంచి తొంగిచూసి మళ్లీ లోపలికి పోయింది.

ముక్కు తుడుచుకుంటూ బుడుంగు ఆలోచించింది. కొంగ పెద్దది, తెలిసినది. మరి మునగడానికి నీళ్లే లేని చోటు ఎందుకు చెప్పింది? నాకే మునగడం సరిగ్గా రాలేదా?

ఆ తర్వాత బావురుపిల్లి కనిపించింది. అది ఒడ్డున కూర్చుని చేపలు పట్టే పిల్లి.

"పిన్నీ, మునగడానికి మంచి చోటు చెప్పవా?"

"వంకర రేవు. అక్కడ నీళ్లు అద్దంలా ఉంటాయి. అడుగున ఉన్న గులకరాళ్లు కూడా కనిపిస్తాయి. నిన్న అక్కడే కడుపునిండా తిన్నాను" అంది బావురుపిల్లి.

బుడుంగు వంకర రేవుకు వెళ్లింది. నీళ్లు మజ్జిగ చారులా ఉన్నాయి. చెయ్యి ముంచితే ఆ చెయ్యే కనిపించలేదు. గులకరాళ్లు కాదు కదా, ఒడ్డు ఎక్కడ ముగిసి నీళ్లు ఎక్కడ మొదలయ్యాయో కూడా తెలియలేదు. దిగడానికి భయం వేసి తిరిగి వచ్చింది.

"పిన్నీ, అక్కడ అంతా బురద నీళ్లే."

"నేను చూసినప్పుడు అద్దంలా ఉన్నాయమ్మా. నీతో అబద్ధం చెబితే నాకేం వస్తుంది?"

"నేను చూసినప్పుడు బురదగానే ఉన్నాయి పిన్నీ. నేనూ అబద్ధం చెప్పడం లేదు."

ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఎవరికీ ఏమీ అర్థం కాలేదు. బావురుపిల్లి కాస్త నొచ్చుకుని పొదల్లోకి వెళ్లిపోయింది.

బుడుంగుకు తల తిరిగినట్టయింది. ఒకరు హాయి అంటే అక్కడ నీళ్లు లేవు. ఒకరు అద్దం అంటే అక్కడ బురద ఉంది. ఇక ఎవరి మాట నమ్మాలి?

అడవిలోంచి పారే ఏటి ఒడ్డున ఎండిన కొమ్మ మీద నల్లయ్య అనే నీటికాకి రెక్కలు ఆరబెట్టుకుంటున్నాడు. తెల్లమడలో అతని కంటే లోతుకు మునిగేవాళ్లు లేరు. బుడుంగు ఆశగా అతని దగ్గరకు వెళ్లింది. దారిలో కలిసిన శౌరి కూడా వెంట వచ్చాడు.

"నల్లయ్య మామా, ఈ అడవిలో మునగడానికి అన్నిటికన్నా మంచి చోటు ఏది?" అని అడిగింది బుడుంగు.

"మొగ దగ్గర మునిగిన పడవ" అన్నాడు నల్లయ్య, రెక్క కూడా ముడవకుండా. "పడవ కడుపులో చేపలు గుంపులుగా ఉంటాయి. నేను రోజూ వెళతాను. దానికి మించిన చోటు లేదు."

ఏరు సముద్రంలో కలిసే చోటును మొగ అంటారు. ఎప్పుడో ఒక పెద్ద చేపల పడవ అక్కడ బోర్లాపడి మునిగిపోయింది.

శౌరి ముఖం వెలిగిపోయింది. "విన్నావా? ఇక ఊరంతా అడగడం ఎందుకు? పద" అన్నాడు.

బుడుంగు కదిలింది కానీ మనసు కుదుటపడలేదు. నల్లయ్య అంత గొప్పవాడు చెప్పాడు కాబట్టి నిజమే అయి ఉండాలి. కొంగ, బావురుపిల్లి చెప్పినవి కూడా నిజమే అనుకుంది కదా. అలా ఎటూ తేలని ఆలోచనతోనే మొగ చేరింది.

అప్పుడు ఆటు సాగుతోంది. అడవిలోని నీళ్లన్నీ సముద్రం వైపు పోతున్నాయి. మడుగులో పెరిగిన ఆ ఇద్దరికీ ఆటు అన్న మాట తెలుసు, దాని బలం తెలియదు. పడవ అడుగుభాగం నల్లటి వీపులా నీళ్లలో మసకగా కనిపిస్తోంది. పక్కన ఒక కంత ఉంది. లోపల చీకటి.

బుడుంగు ఒక చెట్టుకాయను నీళ్లలో వేసింది. అది కళ్లముందే జర్రున సముద్రం వైపు కొట్టుకుపోయింది.

"శౌరీ, నీళ్లు బాగా లాగుతున్నాయి. ఆ కంతలోకి వెళ్తే బయటికి ఎటు రావాలి?"

"వెళ్లిన దారినే రావాలి. అదీ ఒక ప్రశ్నేనా?"

"లోపల ఏమీ కనిపించడం లేదు కదా. దారి దొరకకపోతే?"

"నల్లయ్య రోజూ వెళతాడట. ఆయనకు గవ్వ కూడా లేదు. మనకు ఉంది" అన్నాడు శౌరి. "నీకు భయమైతే ఒడ్డున కూర్చో. నేను తెచ్చిన చేపలో తోక ముక్క పెడతాను."

బుడుంగుకు సిగ్గేసింది. వెళ్లాలా, ఉండాలా? కాళ్లు ముందుకు పోవడం లేదు, వెనక్కీ పోవడం లేదు. ఆలోపే శౌరి దూకేశాడు.

నీళ్లు అతన్ని పక్కకు ఈడ్చాయి. అతను బలంగా తన్ని ఎలాగో కంత పట్టుకుని పడవ లోపలికి దూరాడు. నల్లయ్య చెప్పింది నిజమే. లోపల చేపలు గుంపుగా ఉన్నాయి. శౌరి వాటి మీదికి దూకాడు. ఆ దూకుడుకు అడుగున పేరుకున్న ఒండ్రు అంతా ఒక్కసారి లేచింది. చేపలు కనిపించలేదు. కంత కనిపించలేదు. పైనెటో కిందెటో తెలియలేదు. ఒక గోడ తడిమాడు, ఇంకో గోడ తడిమాడు. ఛాతీ మండసాగింది. ఎంతసేపైనా ఊపిరి బిగబట్టగలనని చెప్పుకునే శౌరికి ఆ కాస్త సమయమే యుగంలా అనిపించింది. చివరికి ముక్కు పైచెక్కకు తగిలిన చోట కొంచెం గాలి దొరికింది. బోర్లాపడిన పడవ మూలలో ఎప్పటి నుంచో చిక్కుకుపోయిన గాలి అది. శౌరి దాన్ని పీలుస్తూ అక్కడే ఉండిపోయాడు.

ఒడ్డున బుడుంగు బుడగలు చూస్తోంది. కాసేపటికి బుడగలు ఆగిపోయాయి.

అది దూకబోయింది. ముందు కాళ్లు నీళ్లలో పెట్టింది కూడా. అప్పుడే ఒక ఆలోచన వచ్చింది. నాకూ ఆ దారి తెలియదు. నేనూ లోపలే ఉండిపోతే మేమిద్దరం అక్కడున్నామని ఎవరికి తెలుస్తుంది? ఆ రోజంతా ఏ సంగతీ తేలని బుడుంగుకు అదొక్కటీ స్పష్టంగా తెలిసింది. వెనక్కి తిరిగి ఎండిన కొమ్మ దగ్గరకు పరుగెత్తింది.

"నల్లయ్య మామా, శౌరి పడవలోకి వెళ్లాడు. పైకి రాలేదు."

నల్లయ్య రెక్కలు టపటపా కొట్టుకుంటూ లేచాడు. "ఈ వేళలోనా? ఆటు నడుస్తుంటేనా?" అంటూ మొగ వైపు ఎగిరాడు.

అతను పడవకు ఎగువన, నీళ్లు తోసుకొచ్చే వైపు నుంచి మునిగాడు. కంత దగ్గర చెక్కను కాలిగోళ్లతో పట్టుకుని ముక్కుతో కొట్టాడు. టక్, టక్, టక్. ఊపిరి అయిపోయినప్పుడు పైకి వచ్చాడు, మళ్లీ మునిగాడు, మళ్లీ కొట్టాడు.

లోపల శౌరికి ఆ చప్పుడు వినిపించింది. మొదట ఎటు నుంచో తెలియలేదు. కళ్లు మూసుకుని విన్నాడు. గుండెల నిండా గాలి తీసుకుని చప్పుడు వైపు ఈదాడు. వెనక కాలు పాత వల ముక్కలో చిక్కుకుంది. గట్టిగా లాక్కున్నాడు. కాలు వచ్చింది కానీ వేళ్ల మధ్య చర్మం చీరుకుపోయింది. కంతలోంచి బయటపడగానే ఆటు అతన్ని ఎత్తుకుపోయి మొగ చివర ఇసుకమేట మీద పడేసింది.

బుడుంగు, నల్లయ్య అక్కడికి చేరేసరికి శౌరి ఇసుకలో ముఖం పెట్టి దగ్గుతున్నాడు.

"మామా, మీరే కదా అది మంచి చోటని చెప్పారు" అంది బుడుంగు మెల్లగా. దాని గొంతులో కోపం లేదు, అయోమయమే ఉంది.

నల్లయ్య తల వంచుకున్నాడు. "మంచి చోటు ఏదని నువ్వు అడిగావు. ఎవరికి అని నేను అడగలేదు. నాకు మంచి చోటు చెప్పాను. కొత్తగా మునిగేవాళ్లకు చెప్పాల్సింది అది కాదు."

"మరి మీరు రోజూ ఎలా వెళతారు?"

"పోటు నిండిన తర్వాత, ఆటు మొదలయ్యే ముందు, నీళ్లు కాసేపు కదలకుండా నిలబడతాయి. ఆ కాసేపట్లోనే వెళ్లి వస్తాను. లోపలికి ఎప్పుడూ దూరను. కంత దగ్గరే ఉండి బయటికి వచ్చే చేపను పడతాను. అది కూడా ఈ రెక్కలు ముసలివయ్యాక నేర్చుకున్న సంగతి."

బుడుంగు ఆలోచనలో పడింది. "అయితే వంకర రేవు కూడా ఒక వేళలో ఒకలా, ఇంకో వేళలో ఇంకోలా ఉంటుందా?"

"ఆటులో అడవి బురదంతా అటే పోతుంది. పోటు నిండితే సముద్రం నీళ్లు వచ్చి తేటపడుతుంది."

"అంటే పిన్ని అబద్ధం చెప్పలేదు" అంది బుడుంగు. "కొంగత్త కూడా చెప్పలేదు. ఆమెకు నిలబడేంత నీళ్లుంటే చాలు, మునిగేంత అక్కర్లేదు."

ఆ సాయంత్రం పోటు నిండేదాకా బుడుంగు వంకర రేవు ఒడ్డునే కూర్చుంది. గోధుమరంగు నీళ్లు మెల్లగా పచ్చబడ్డాయి, తర్వాత తేటపడ్డాయి. గులకరాళ్లు కనిపించాయి. అది ఒక కాయ వేసి చూసింది. కాయ ఉన్నచోటే తిరుగుతూ నిలబడింది. నీళ్లు కొంచెం కొంచెంగా లోతవుతున్నాయి. మూడు వైపులా ఒడ్డు దగ్గరగా ఉంది. పైన తల తగిలే కప్పు ఏదీ లేదు, ఎక్కడి నుంచి లేచినా ఆకాశమే.

అయినా బుడుంగుకు అనుమానం పూర్తిగా పోలేదు. నల్లయ్యను ఒడ్డున ఉండమని అడిగి అప్పుడు దిగింది. చిన్న చేప ఒకటి దొరికింది. దాన్ని శౌరికి తీసుకెళ్లి పెట్టింది. మళ్లీ వచ్చి తన కోసం ఇంకోటి పట్టుకుంది.

ఆ తర్వాత అది రోజూ పోటు వేళ అక్కడ మునిగేది. నీళ్లు మసకగా ఉన్న రోజు దిగేది కాదు. బావురుపిల్లి దగ్గరకు వెళ్లి "పిన్నీ, నువ్వు చెప్పింది నిజమే" అని కూడా చెప్పింది. కొన్నాళ్లకు రేవులో ప్రతి మలుపూ దానికి తెలిసిపోయింది. అప్పుడు కాస్త లోతైన పాయకు వెళ్లింది. ఆ తర్వాత ఇంకాస్త లోతుకు వెళ్లింది. చేపలూ పెద్దవి కాసాగాయి. గవ్వ కట్టించుకున్న కొత్త పిల్లలను పెద్దలు బుడుంగు దగ్గరకే పంపేవారు.

శౌరి కాలు మానడానికి వానాకాలమంతా పట్టింది. చర్మం కలిసింది కానీ మునుపటిలా వేగంగా ఈదలేకపోయాడు. అన్నాళ్లూ ఇతరులు పెట్టిన చేపలే తిన్నాడు. ఒకరోజు పోటు నిండే వేళకు కుంటుకుంటూ వంకర రేవుకు వచ్చాడు. తనకంటే చిన్నవాళ్లు అక్కడ మునుగుతున్నారు. వాళ్లను చూసి కాసేపు దూరంగానే నిలబడ్డాడు.

బుడుంగు పక్కకు జరిగి చోటిచ్చింది.

శౌరి నీళ్ల వైపు చూశాడు. దూకలేదు.

"బుడుంగూ, ఈ వేళ నా కాలితో నేను ఇక్కడ మునగొచ్చా? అలసిపోతే ఎటు పైకి రావాలి?" అని అడిగాడు.

బుడుంగు అతనికి ఒడ్డు చూపించింది. ఇద్దరూ కలిసి నెమ్మదిగా నీళ్లలోకి దిగారు.

నీతి: గొప్పవాళ్లకు మంచిదైన చోటు అందరికీ మంచిది కాదు, మన శక్తికి, ఆ వేళకు తగిన చోటేదో చూసుకుని అడుగు వేయాలి.