పైడమ్మ ముగ్గేసిన బజారు

నమ్మనన్నవాళ్ళు ఇప్పుడే దుప్పటి దులుపుకుని అవతలి మంచం మీదికి పోవచ్చు. ఏం బుజ్జమ్మా, ఉంటావా? అయితే ఊఁ కొట్టు.

అనగనగా ఒక ఊళ్ళో ఒక బజారు. అబ్బో, ఏం బజారే అది! కొత్తిమీర వాసన పట్టుకుని నడిస్తే కళ్ళు మూసుకున్నా కూరల దగ్గరికి చేరేవాళ్ళం. అక్కడ శెట్టిగారి బట్టల కొట్టు ముందు పైడమ్మ ఆకుకూరలమ్మేది. ఆమె "తోటకూరో!" అని కేకేస్తే మూడూళ్ళ అవతల ఆవులు తలలెత్తేవి. గోనెపట్టా పరిచినంత ఆ చోటే ఆమె బతుకు.

ఒకనాడు మున్సిపాలిటీ ఇంజనీరు వచ్చి, బజారు కొత్తగా కడతామని పటం చూపించాడు. అందులో కొట్లున్నాయి, రోడ్డుంది, దీపాలున్నాయి. గోనెపట్టా ఒక్కటీ లేదు.

"మేమేరీ బాబూ?" అంది పైడమ్మ.

"నేను కొలిచినరోజు ఇక్కడెవరూ లేరమ్మా."

"ఏ రోజు కొలిచావేంటి?"

"సోమవారం."

బజారంతా పకపకా నవ్వింది. సోమవారం బజారుకి సెలవు! పైడమ్మకి మాత్రం నవ్వు రాలేదు. గురువారమే తవ్వకాలట.

"కాగితం సంగతి నాకు తెలీదు. నేల మీదైతే నేనూ గీస్తాను," అంది.

మర్నాడు పొద్దున్నే ఏడు బస్తాల ముగ్గుపిండి ఒంటిచేత్తో మోసుకొచ్చింది. అవును, ఏడే! కొత్త బజారు ఎంతుండాలో అంత కొలతలోనే నేల మీద ముగ్గేసేసింది. ఇది కొట్టు, ఇది బండి, ఇది గోనెపట్టా. "ఇప్పుడు నడిచి చూడండి," అంది.

అప్పుడు శెట్టిగారు గుమ్మం దిగారు. దిగగానే ఆకుకూరల గడిలో కాలు పడింది. "నా కొట్లోకి జనం గెంతుకుంటూ రావాలటే?" అన్నారు. పైడమ్మ ఆ గడి చెరిపి దారి వదిలింది.

ఆ తర్వాత అరటిపళ్ళ రాజులు బండి తోశాడు. మలుపులో తిరగలేదు. మళ్ళీ చెరిపింది, మలుపు పెంచింది.

ఆ తర్వాత చూపులేని సన్నాయి మాస్టారు కర్రతో వచ్చారు. "ముగ్గు నాకేం తెలుస్తుందే పైడీ? కాలికేదైనా తగలాలి," అన్నారు. అప్పుడామె దారి పొడవునా గులకరాళ్ళ వరస పేర్చింది.

అందరికీ చోటు కుదిరింది. తీరా చూస్తే, తను చెరిపిన మొదటి గడి తనదే! పైడమ్మ ఖాళీ గోనెపట్టా చంకన పెట్టుకుని నిలబడిపోయింది.

అది శెట్టిగారు చూశారు. అరుగు దిగి, గుప్పెడు ముగ్గు తీసుకుని, తన అరుగు మూలనే వంకరటింకరగా ఒక గడి గీశారు.

"ఈ మూల కొట్టించేస్తాను, ఇక్కడ కూర్చో. నీ కూరకొచ్చినవాళ్ళేగా నా కొట్లో జాకెట్టు ముక్కలు చూసేది!"

ఇంజనీరు నేల మీదే గొంతుక్కూర్చుని పటం మళ్ళీ గీసుకున్నాడు. అలాగే కట్టారు. అలాంటి బజారు మళ్ళీ చూళ్ళేదు తల్లీ.

కథేమో కంచి దారి పట్టింది,
కునుకేమో నీ కంటి తలుపు తట్టింది.

ఇంకా నమ్మవూ? అప్పుడే వేసిన ముగ్గు తొక్కి ఆ రోజు పైడమ్మ చేత చీవాట్లు తిన్న మనిషి ఇప్పటికీ మన వెనక వీధిలోనే ఉంది. పొద్దున్నే వెళ్ళి అడుగు: గాజులమ్మే సింహాచలం.