ఆవు కడుపులో చేరిన బురదగాలి

ఒకప్పుడు ఆవులు నెమరు వేసేవి కావు. తేన్చేవి కూడా కావు. లేత పచ్చిక కనబడితే గబగబా తినడం, తోక ఊపుకుంటూ పోవడం, అంతే. ఎండుగడ్డి మూతికి తగిలితే "అబ్బో, ముల్లు!" అని పక్కకు తప్పుకునేవి.

ఆ రోజుల్లో ఒక కొండ కింద పెద్ద చిత్తడి నేల ఉండేది. నిండా మనిషెత్తు జమ్ము, మోకాలెత్తు తుంగ. దాని అడుగున, నల్లటి బురదలో, ఒక గాలి కాపురముండేది. అందరూ దాన్ని బురదగాలి అనేవారు. పైన తిరిగే గాలుల్లా దానికి ఊళ్లు తిరిగే సరదా లేదు. చీకటి, తడి, వెచ్చదనం ఉంటే చాలు. రాలిపడిన జమ్మునీ తుంగనీ బురదలో నానబెట్టి, మెత్తగా గుజ్జు చేసేది. అప్పుడప్పుడూ 'బుడుంగ్' మని ఒక బుడగ వదిలేది.

సుంకమ్మ ఆ చిత్తడి ఒడ్డునే పెరిగింది. వాళ్లది ఆవుల మంద. చిన్నప్పుడు ఆవులు మేస్తుంటే, ఆమె ఒడ్డున బోర్లా పడుకుని బుడగల్ని వేలితో టప్పుటప్పున చిట్లగొట్టేది.

"ఎవరే అది? సుంకీనా?" అని బురదగాలి అడిగేది.

"నేనే! ఇంకొకటి వదులు!"

"పెద్దది కావాలా, చిన్నది కావాలా?"

"నా తలకాయంత!"

అలా నవ్వుకుంటూనే సుంకమ్మ పెద్దదైంది. ఆమె తల నెరిసినా, బురదగాలికి మాత్రం ఇంకా 'సుంకీ'నే.

ఒక ఏడు వాన ముఖం చాటేసింది. మరుసటి ఏడూ అంతే. చిత్తడి ఇంకిపోయింది. జమ్ము విరిగి పడింది. బాతులు ఎటో ఎగిరిపోయాయి. బురద ఎండి, బీటలు వారింది. పచ్చిక మాడిపోయి, కొండవాలు నిండా బిరుసు బోదగడ్డి ఒక్కటే మిగిలింది. ఆవులు దాన్ని నమిలి మింగేవి. అది కడుపులో అరగక అలాగే ఉండిపోయేది. కొండ అవతల ఏరుందని తెలుసు. కానీ కొండెక్కే సత్తువ ఏ ఆవుకూ లేదు. దూడలు పొదుగు కుమ్మి కుమ్మి, పాలు రాక, అరిచేవి.

సుంకమ్మ చిత్తడి నడుమ, కాసింత బురదనీరు మిగిలిన ఆఖరి చెమ్మ దగ్గర కూలబడింది. పక్కన ఆమె నల్లటి కర్రావు నిలబడింది. మందకంతా అదే పెద్దది.

బీటలోంచి సన్నగా గొంతు వినబడింది. "సుంకీ, ఉన్నావా?"

"ఉన్నానమ్మా. నువ్వెట్లున్నావు?"

"ఏముంది, ఇల్లు పోతోంది. ఈ చెమ్మ కూడా ఆరిపోతే పైకి పోవాల్సిందే. పైన నాకెవరు తెలుసు? దారి తెలీదు, భాష తెలీదు."

కర్రావు చెవులు నిక్కించి వింది. "చీకటీ తడీ ఉంటే చాలా నీకు?" అని అడిగింది.

"చాలు తల్లీ. కాస్త వెచ్చగా కూడా ఉండాలి."

"నా కడుపులో మూడూ ఉన్నాయి. వచ్చి ఉండు. నువ్వు తుంగను గుజ్జు చేసినట్టు, నా బోదగడ్డిని కూడా చేసిపెట్టు."

బురదగాలి తటపటాయించింది. సుంకమ్మ కూడా "వద్దే, ఏమవుతుందో ఏమో" అంది. కర్రావు వినలేదు. మూతి వంచి, మిగిలిన ఆ కాసింత బురదనీటిని ఒక్క పీల్పున తాగేసింది. బురదగాలి కూడా లోపలికి పోయింది.

ఆ పూట కర్రావు బోదగడ్డి కడుపునిండా మేసింది. లోపల గడ్డి మెత్తబడసాగింది. సుంకమ్మ సంబరపడేలోపే కర్రావు ఎడమ డొక్క ఉబ్బింది. ఇంకా ఉబ్బింది. డోలులా బిగిసిపోయింది. కర్రావు కాళ్లు తడబడి, దభీమని పక్కకు పడింది. కళ్లు తేలేసింది.

"బురదగాలీ! బయటికి రావే! ఇది చచ్చిపోతుంది!" అని సుంకమ్మ డొక్కమీద చరిచింది.

"రాను," అంది లోపలినుంచి గొంతు. "బయట నా ఇల్లు లేదు. రావడానికి భయంగా ఉంది సుంకీ."

సుంకమ్మకు ఏం చేయాలో తోచలేదు. కర్రావు తలను ఒళ్లోకి తీసుకుంది. దాని మెడ నిమురుతూ, లోపలి బురదగాలికి పాత సంగతులు చెప్పడం మొదలుపెట్టింది.

"నీకు గుర్తుందా, చలికాలం పొద్దున చిత్తడి మీద మంచు ఎట్లా పరుచుకునేదో? అందులోంచి బాతులు తలకాయలు మాత్రం బయటపెట్టేవి. జమ్ముకంకులు పగిలి దూది ఎగిరితే, అది నా నెత్తినిండా పడేది. మా అమ్మ 'ముసలిదానివైపోయినావే' అని నవ్వేది. నువ్వు నా తలకాయంత బుడగ వదిలితే, అది పగిలి నా ముఖమంతా బురదే!"

"బాతులా? ఏవీ, బాతులు?" అంటూ బురదగాలి ఆత్రంగా పైకి లేచింది.

"బ్రేవ్!"

కర్రావు నోరు తెరిచి పెద్దగా తేన్చింది. దాంతోపాటు సగం నానిన గడ్డిముద్ద కూడా నోట్లోకి వచ్చింది. కర్రావు దాన్ని నమిలింది. ఎంత మెత్తగా ఉందో! డొక్క దిగింది. అది లేచి నిలబడింది. సుంకమ్మ దాని మెడను వాటేసుకుని వదల్లేదు.

కర్రావు తన దూడను నాకింది. దూడ పక్కదాన్ని నాకింది. అలా కడుపులో మిగిలిన బురదగాలిని మందంతా పంచుకుంది. బోదగడ్డితోనే ఆవులకు సత్తువ వచ్చింది, పొదుగుల్లో పాలు వచ్చాయి. సుంకమ్మ మందను తోలుకుని కొండ దాటింది.

మరి తేన్పుతో బయటికి వచ్చిన గాలి ఏమైంది? చిత్తడి కోసం నలుదిక్కులా చూసింది. కనబడలేదు. ఎత్తునుంచైనా కనబడుతుందేమోనని ఆకాశంలోకి ఎక్కింది. అక్కడ చలి. పుడమి మీదనుంచి వెచ్చదనం పైకి వస్తుంటే, దాన్ని గట్టిగా కావలించుకుంది.

"ఓయ్, దాన్ని పోనీ!" అన్నాడు సూర్యుడు. "నువ్వట్లా పట్టుకుంటే కింద ఉక్కపోత!"

"ఏం చేసేది తాతా? బురద దుప్పటి కింద పెరిగినదాన్ని. వెచ్చగా లేకపోతే ఉండలేను. మా చిత్తడి ఎక్కడుందో చెప్పు, పోయి పడుకుంటాను."

సూర్యుడు గబగబా పడమటికి జారుకున్నాడు. ఆ చిత్తడిని ఎండబెట్టింది తనే కదా.

అప్పటినుంచే ఆవులు మేత మేశాక నీడన పడుకుని, అరకళ్లు మూసుకుని, నెమరు వేస్తాయి. ఉండుండి ఒక తేన్పు తేన్చుతాయి. ఆ గాలి పైకి పోయి వెచ్చదనాన్ని కావలించుకుంటుంది, కింద మనకు వేడి ఇంకాస్త ఎక్కువవుతుంది. పోయినవాటిని తలుచుకోవడాన్ని మనం నెమరువేసుకోవడం అంటున్నది కూడా అప్పటినుంచే.